ఎవరార్డ్ వీధి పచ్చ తలుపు

ఆ శుక్రవారం పొద్దున అట్రాక్టా గేగన్ పెట్టుకున్న పనులు ఇవి: తలుపుకు రంగు వేయించాలి, ఎండుద్రాక్షల బ్రాక్ రొట్టె కాల్చాలి, ఇల్లు కూలకుండా కాపాడుకోవాలి. మొదటి రెండూ బాగా కుదిరితే మూడోది దానంతటదే కుదురుతుందని ఆమె నమ్మకం.

డబ్లిన్‌లో లిఫ్ఫీ నదికి ఉత్తరాన ఎవరార్డ్ వీధి అంటే ఒకే అచ్చులో పోసినట్టున్న ఎర్ర ఇటుకల ఇళ్ళ వరస. జార్జి అన్న పేరున్న రాజులు ఒకరి వెనక ఒకరు ఏలిన రోజుల్లో కట్టినవి. రాజుల పేర్లలో తేడా లేనట్టే ఇళ్ళ ముఖాల్లోనూ తేడా లేదు. మొదటి అంతస్తుకు నిలువెత్తు కిటికీలు, ఆ పైన కాస్త పొట్టివి, అన్నిటికన్నా పైన మరీ పొట్టివి. అట్రాక్టా ఇంట్లో గదులకు అద్దెలు కూడా అదే వరసలో పొట్టివవుతూ పోయేవి.

తలుపుల మీది ఇత్తడి నెంబర్లు ఎప్పుడో పాత సామాన్ల బండి ఎక్కి వెళ్ళిపోయాయి. వాటికోసం ఎవరూ కన్నీరు పెట్టలేదు. ఫాదర్ వచ్చినా, పాలబండి వచ్చినా, అప్పులవాడు వచ్చినా ఆ వీధిలో తలుపు రంగే అడ్రసు. నీలం తలుపు మళ్ళీ నీళ్ళోసుకుందట, నల్ల తలుపు పోయాడట పాపం, అంటే వీధి వీధంతటికీ అర్థమయ్యేది. తలుపు రంగు మారిస్తే తలపులే మారిపోయే చోటు అది.

అట్రాక్టాది ముదురు ఆకుపచ్చ తలుపు. పెళ్ళయి ఆ గడప తొక్కిన నాటినుంచీ పచ్చే. ఆ పచ్చ తలుపు వెనక పచ్చగా కాపురం చేసింది. మొగుడు కార్నీలియస్ పోయాక గదులు అద్దెకిచ్చుకుని, ఇక ఇంటితోనే కాపురం చేస్తోంది. కార్నీలియస్‌లాగే ఇల్లు కూడా ఎక్కువ మాట్లాడదు, అప్పుడప్పుడు మూలుగుతుంది, ఒక చెంప కాస్త కారుతుంది.

ఇంటికి ఉన్న చిక్కల్లా ఒకటే. ముందు గోడకు కడుపొచ్చింది. ఆ కాలపు తాపీవాళ్ళు వీధివైపు నాజూకు ఇటుకా, లోపలివైపు నాటు ఇటుకా పెట్టి ఒకే గోడ కట్టేవారు. రెంటికీ మధ్య పెళ్ళయితే చేశారు గానీ మాటలు కలపలేదు. దాంతో కొన్నాళ్ళకు బయటి ఇటుక అలిగి ముందుకు పొంగింది. కార్నీలియస్ తాత దాన్ని ఇనుప కమ్మీలతో లోపలికి కట్టేయించాడు. అప్పటినుంచీ ఆ కడుపు పెరగలేదు, తరగలేదు.

దాని పక్కనే ఎర్ర తలుపు. ఆ ఇంటిని కొన్నది లోర్కన్ హెషన్. పాత ఇళ్ళు కొనడం, కొట్టించడం, ఆ జాగాలో గాజు గోడల ఆఫీసు లేపడం అతని వ్యాపారం. గాజు ఆఫీసుకు ఒక ఇల్లు చాలదు, రెండు కావాలి. రెండోది అట్రాక్టాది. ఆమె అమ్మనంది. బతిమాలాడు, అమ్మనంది. బెదిరించాడు, టీ పోసిచ్చి మరీ అమ్మనంది. దాంతో అతను ప్రమాదకరమైన కట్టడాలను చూసే ఆఫీసుకు వెళ్ళి, ఎవరార్డ్ వీధిలో పచ్చ తలుపు ఇంటి గోడ నేడో రేపో జనం మీద పడేటట్టుందని జనం మీద జాలి కారిపోతుండగా ఫిర్యాదు చేశాడు. ఇన్‌స్పెక్టరు శుక్రవారం రెండింటికి వస్తాడు. ఆయన తల అడ్డంగా ఊపితే సాయంత్రానికల్లా ఇల్లు ఖాళీ చేయాలి. ఖాళీ ఇంటిని కొనడానికి ఎవరు సిద్ధంగా ఉన్నారో చెప్పనక్కర్లేదు.

ఆ కబురు మోసుకొచ్చిందీ హెషనే. రెండిళ్ళ మెట్లకూ మధ్యనున్న ఇనుప కటకటాల మీద మోచేతులు ఆనించి ఎంతో నొచ్చుకున్నాడు.

"మీ మంచికే చెప్పానమ్మగారూ. రేపు ఆ గోడ మీ నెత్తిన పడితే నేను తట్టుకోలేను."

"నువ్వు తట్టుకోనక్కర్లేదు నాయనా. గోడ తట్టుకుంటుంది."

"అంత కడుపేసుకుని ఎన్నాళ్ళు నిలబడుతుంది చెప్పండి?"

"నేను పుట్టకముందు నుంచీ కడుపుతోనే ఉంది. ఇంతవరకూ కనలేదు. నువ్వొచ్చి మంత్రసానితనం చెయ్యకు."

ఆ మాటన్న రాత్రే అట్రాక్టా నిశ్చయానికి వచ్చింది. గోడకు గోడు చెప్పుకుంటే లాభం లేదు. వచ్చే ఇన్‌స్పెక్టరుకు ముందు తలుపు చూడగానే, ఇది బతికున్న ఇల్లు అనిపించాలి. తలుపు తళతళలాడాలి. ఆ తరువాత బ్రాక్ రొట్టె. ఆ పైన గోడ.

శుక్రవారం చర్చికి బయల్దేరుతూ మరిది ఫెస్టస్ చేతిలో బ్రష్షు పెట్టింది. ఫెస్టస్ కార్నీలియస్ తమ్ముడు. పెళ్ళీ పెటాకులూ లేవు. బస్సు కండక్టరుగా రిటైరై రెండో అంతస్తు వెనకగదిలో ఉంటూ, రోజూ ఏదో ఒక సాయం చేసి వదిన పని రెట్టింపు చేస్తుంటాడు.

"డబ్బా మెట్ల మీద పెట్టాను. పచ్చది. నిండుగా వెయ్యి. ఇత్తడి గుబ్బకు అంటనివ్వకు."

"ఏళ్ళ తరబడి చూస్తున్న తలుపు వదినా. నాకు చెప్పాలా?"

"నీకే చెప్పాలి," అని ఆమె చర్చికి వెళ్ళింది. అక్కడ గోడకోసం ఒకటి, వంటకోసం ఒకటి, హెషన్ బుద్ధి మారడంకోసం పొట్టిదొకటి కొవ్వొత్తులు వెలిగించి తిరిగొచ్చింది.

వీధి మలుపు తిరగ్గానే ఏదో తేడాగా తోచింది. ఇంకాస్త నడిచింది. తన మెట్లు ఎక్కబోయి ఆగింది. హెషన్ తలుపు ఎర్రగా ఉంది, అది మామూలే. దాని పక్క తలుపు కూడా ఎర్రగా ఉంది. దాని ముందు ఫెస్టస్ రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకు వంచి, తన పని తనే మెచ్చుకుంటున్నాడు.

"ఇదేంటి ఫెస్టస్?"

"తలుపు."

"తలుపని నాకూ తెలుసు. ఏం రంగది?"

"పచ్చ. నువ్వేగా చెప్పావు."

అట్రాక్టా మెట్ల మీదకు చూసింది. తన పచ్చ డబ్బా మూతైనా తీయకుండా కూర్చునుంది. దాని పక్కన, హెషన్ పనివాడు మోసీ పొద్దున తమ తలుపు అంచులకు మాత్రం మెరుగు పెట్టి, కటకటాల ఇవతల వదిలేసిన ఎర్ర డబ్బా, అడుగంటి ఉంది.

"పక్కింటి తలుపేం రంగు?"

"అదీ..." ఫెస్టస్ కాస్త నసిగాడు. "అదీ అలాంటిదే కదా."

"రోడ్డు మీద ఆగమనే దీపం?"

"పైది."

"రంగు అడుగుతున్నాను."

"రంగుతో పనేముంది వదినా? పైది వెలిగితే ఆగాలి, కిందది వెలిగితే పోవాలి. మా డ్రైవరుకు కూడా అలాగే చెప్పేవాణ్ణి."

ఒకే కప్పు కింద ఇన్నేళ్ళు ఉండి, ఇతనికి ఎరుపుకూ పచ్చకూ తేడా తెలియదన్న సంగతి ఆమెకు ఆ క్షణందాకా తెలియదు. ఫెస్టస్ రంగు ఇవాళ బయటపడింది, అదీ ఎర్రగా.

"మరి రాత్రిళ్ళు బార్ నుంచి నేరుగా ఇంటికెలా వచ్చేవాడివి?"

"తలుపు పైనున్న అద్దం చూసి. మనది సాలెగూడు. హెషన్‌ది కన్నీటి చుక్కలు. నాలుగిళ్ళవతల విసనకర్ర." అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మీరు అలా చూసుకోరా?"

అట్రాక్టా తలెత్తి చూసింది. తలుపు నెత్తిన అర్ధచంద్రంలా ఉన్న అద్దంలో సీసపు ఊచలు నిజంగానే సాలెగూడులా అల్లుకుని ఉన్నాయి. ఇన్నేళ్ళలో ఆ అద్దాన్ని ఆమె తుడిచింది గానీ చూడలేదు.

తడి ఎరుపు మీద పచ్చ వేస్తే బురద రంగు వస్తుంది. గీకాలంటే సాయంత్రమవుతుంది. "సరే," అంది చేతులు నడుముకు ఆనించి. "ఎర్ర తలుపైతే కూలిపోతుందా ఏంటి? ఇల్లు అదే, గోడ అదే, నేనూ అదే. కానీ ఆ ఇన్‌స్పెక్టరు పచ్చ తలుపని వెతుక్కుంటూ వస్తాడు. ఈ వీధిలో ఇప్పుడు పచ్చనేదే లేదు. నువ్వు ముందర నిలబడు. కోటు వేసుకుని, ఇంటి ముందు ఆగి, తలెత్తి గోడ చూసే పెద్దమనిషి ఎవరొచ్చినా సరే, అడక్కుండా లోపలికి తీసుకురా."

"అలాగే వదినా. ఈసారి తప్పు జరగదు."

ఫెస్టస్ కోసం కూడా ఒక కొవ్వొత్తి వెలిగించి రావాల్సిందని ఆమెకు అప్పుడు తోచింది.

ఇన్‌స్పెక్టరు కన్నా ముందు బొగ్గు వచ్చింది. బొగ్గుల మాటీ ఆ వీధికి చిన్నప్పటినుంచీ వస్తున్నాడు. ప్రతి ఇంటి ముందూ ఫుట్‌పాత్‌లో గుండ్రటి ఇనుప మూత ఉంటుంది. మూత తీసి బస్తా బోర్లిస్తే బొగ్గు నేలకిందనున్న కొట్లోకి జారిపోతుంది. పచ్చ తలుపు ముందున్న మూతలో రెండు బస్తాలు, ఇదే అతనికి తెలిసిన లెక్క. ఇవాళ చూస్తే పచ్చ తలుపు లేదు, ఎర్రవి రెండున్నాయి. మాటీ టోపీ తీసి తల గోక్కున్నాడు. ఫెస్టస్‌ను అడిగాడు.

"అన్నా, మీ తలుపేది?"

"పచ్చది," అన్నాడు ఫెస్టస్, వీధి చివరి నుంచి కళ్ళు తిప్పకుండా.

మాటీ బుర్ర ఉపయోగించాడు. రోజూ ఉపయోగించని వస్తువు కాబట్టి కాస్త మొరాయించింది. మెరుస్తూ తడిగా ఉన్నది కొత్త రంగు, కొత్త రంగంటే డబ్బున్న హెషన్‌ది, కాబట్టి పాత ఎరుపు గేగనక్కది, అని తేల్చి, హెషన్ మూత లేపి బస్తా బోర్లించాడు. రెండో బస్తా కూడా.

కింద ఆ కొట్లో హెషన్ ఉన్నాడు. ఇంట్లో ఎక్కడ చూసినా దుమ్ము కాబట్టి గాజు ఆఫీసు నమూనాను అక్కడ దాచాడు. కార్క్ నగరం నుంచి కోగ్లన్ అనే షావుకారు మధ్యాహ్నం వచ్చి దాన్ని చూసి డబ్బు పెడతాడు. ఫోనులో తప్ప ఒకరి ముఖం ఒకరికి తెలియదు. నమూనా మీద గుడ్డ తీసి, పట్టుగుడ్డతో అద్దాలు తుడుస్తూ, ఇక పై అంతస్తు తుడుద్దామని వంగిన సమయానికి ఆకాశం నల్లగా ఊడిపడింది. ఆఫీసు నుగ్గయింది. హెషన్ బొగ్గయ్యాడు. మిగిలిందల్లా బుగ్గి.

అతను మెట్లెక్కి వీధిలోకి వచ్చేసరికి పళ్ళూ కళ్ళూ తప్ప ఏమీ కనబడలేదు.

"ఎవడ్రా పోసింది?"

"పచ్చ తలుపక్కకు పోశానండీ," అన్నాడు మాటీ, ఆ నల్లమనిషి తన వృత్తివాడే అనుకుని కాస్త చనువుగా. "మీరే కంపెనీ?"

హెషన్ పక్క తలుపు చూశాడు, తన తలుపు చూశాడు. అప్పుడు అర్థమైంది. "మోసీ!" అని అరిచాడు. మోసీ పేరులోనే మోసం ఉంది గానీ మనిషి వట్టి అమాయకుడు. చెప్పింది చేస్తాడు, చెప్పనిది చేయడు, ఎందుకని అడగడు.

"ఈవిడ కావాలనే నా రంగు కొట్టింది. రెండింటికి కార్క్ నుంచి ఆయనొస్తాడు. ఆయన పొరబాటున ఈవిడ గడప తొక్కితే నా కొంప మునుగుతుంది. మన తలుపుకు రంగు మార్చెయ్యి. ఇప్పుడే."

"ఏ రంగండీ?"

"ఎరుపు తప్ప ఏదైనా సరే. చేతికందింది కొట్టు," అని హెషన్ ఒళ్ళు తోముకోవడానికి లోపలికి పరిగెత్తాడు.

మోసీ చేతికందింది అట్రాక్టా పచ్చ డబ్బా. మెట్ల మీద దిక్కులేకుండా పడుంది. ఫెస్టస్ దాన్ని అతను పట్టుకుపోతుంటే చూశాడు, తలుపుకు పూస్తుంటే కూడా చూశాడు. అతనికి అందులో చూడదగ్గ విశేషమేమీ కనబడలేదు. అట్రాక్టా అప్పటికి కింద వంటింట్లో, టీలో నానిన ఎండుద్రాక్షలను పిండిలో కలుపుతూ, ఇన్‌స్పెక్టరుతో ఏమనాలో పొయ్యికి వల్లిస్తోంది.

రెండు కావస్తుండగా ఒక కారు ఆగింది. ఒక పెద్దమనిషి దిగాడు. పెద్ద అంటే అన్ని దిక్కులా పెద్ద. కోటు గుండీలు ఒకదాన్నొకటి చేరుకోలేక అవస్థ పడుతున్నాయి. ఫుట్‌పాత్ మీద నిలబడి తలెత్తి గోడను చూశాడు. గోడ కడుపూ ఆయన కడుపూ ఎదురుబొదురుగా, వియ్యపురాళ్ళలా, కాసేపు ఒకదాన్నొకటి కొలుచుకున్నాయి.

ఫెస్టస్‌కు చెప్పిన గుర్తులన్నీ సరిపోయాయి. అడక్కుండా చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చి, మెట్ల దగ్గర నిలబడి కిందికి కేకేశాడు. "వదినా, వచ్చారు."

వీధిలో కాపలా అలా ఖాళీ అయింది.

అట్రాక్టా పిండి చేతులు ఎప్రన్‌కు తుడుచుకుంటూ పైకొచ్చింది. పెద్దమనిషి టోపీ తీశాడు. "నేను హెషన్ గారి..."

"హెషన్ గారు ఏం చెప్పారో నాకు తెలుసండి. ఇక్కడ ఆ మాటలొద్దు. మీ కళ్ళతో చూడండి. చూశాక మీ ఇష్టం. నేనొక్క మాట మాట్లాడను," అని, అప్పటినుంచి ఆమె ఊపిరి తీసుకోకుండా మాట్లాడింది.

ఒంపు తిరిగిన మెట్ల కటకటాలు చూపించింది. పైకప్పుకు సున్నంతో పోసిన ద్రాక్ష గుత్తులూ పిట్టలూ చూపించింది. ఒక పిట్టకు ముక్కు లేకపోతే దానికి జలుబు చేసిందని చెప్పింది. మొదటి అంతస్తు పెద్ద గదిలోకి తీసుకెళ్ళింది. ఆయన కిటికీ పక్కనున్న తలుపు తెరవబోయాడు. గుబ్బ తిరిగింది గానీ తలుపు కదల్లేదు.

"అది తెరుచుకోదండి. దొంగ తలుపు. ఆ మూల ఒక తలుపుంది కదా, ఈ మూల లేకపోతే గది బోసిపోతుందని ఆ రోజుల్లో ఊరికే పెట్టారు. దాని వెనక గోడే. ఈ ఇంట్లో ఉన్న దొంగ అదొక్కటే. అసలు దొంగ పక్కింట్లో ఉంటాడు."

పెద్దమనిషి నవ్వాడు. బ్రాక్ వచ్చింది, వెన్న రాసుకుని తిన్నాడు. ఇంకో ముక్క తిన్నాడు. నిలువెత్తు కిటికీల్లోంచి ఎండ చెక్క నేలమీద గళ్ళు గళ్ళుగా పడి ఉంది. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు.

"నేల గట్టిదేనా?" అన్నాడు.

ఆ ప్రశ్న కోసమే ఆమె పొద్దుటినుంచీ ఎదురుచూస్తోంది. "మా పెళ్ళికి ఇక్కడ నలభైమంది గంతులేశారు. నమ్మరా? దూకండి."

"నేనా?"

"మీరే. నన్ను నమ్మకండి. నేల్ని అడగండి. ఫెస్టస్, నువ్వూ రా."

ముగ్గురూ కలిసి ఎగిరి దూకారు. టీ కప్పులో చెంచా ఒక్కసారి టింగుమంది. అంతే. పెద్దమనిషికి సరదా పుట్టింది. చిన్నప్పటినుంచీ ఆయన్ని ఎవరూ దూకమనలేదు. మళ్ళీ దూకారు. మూడోసారి ఆయన చేతులు చాచి, కోటు గుండీ ఒకటి ఎగిరిపోగా, మనస్ఫూర్తిగా దూకాడు.

నడిగోడకు అవతల, బస్తాడు ఇసుక జారినట్టు ఒక చప్పుడు మొదలై, పెద్దదై, దబ్బుమని ముగిసింది. తరువాత ఎవరో దగ్గారు.

"అది మాది కాదు," అంది అట్రాక్టా.

పెద్దమనిషి కుర్చీలో కూలబడి ముఖం తుడుచుకున్నాడు. "ఇలాంటి ఇంటిని కొట్టేయడమేంటండీ?"

"ఇన్నాళ్ళకు ఒక మంచి మాట విన్నాను. అదే రాయండి సార్."

"రాయడమా? నేను రాసేది చెక్కులేనండీ. హెషన్ డబ్బు పెట్టమంటే కార్క్ నుంచి వచ్చాను. ఎర్ర తలుపు తనదన్నాడు, పక్కనున్న పచ్చ తలుపు దానంతటదే పడిపోతుందన్నాడు. నా పేరు కోగ్లన్."

అట్రాక్టా గడియారం వంక చూసింది. రొట్టె సగం అయిపోయింది, రెండు దాటింది, తను ఇంతసేపూ ఇల్లు చూపించింది ఇల్లు పడగొట్టే డబ్బున్నవాడికి. మరి ఇన్‌స్పెక్టరు ఏడీ?

కింద తలుపు తట్టిన చప్పుడైంది.

గుమ్మంలో ఒక సన్నటి మనిషి నిలబడి ఉన్నాడు. టోపీనుంచి బూట్లదాకా సున్నం. కనుబొమలు కూడా తెల్లగా ఉన్నాయి. చేతిలో, గోడ వాలు చూడడానికి దారానికి కట్టిన సీసపు గుండు ఉంది. "టిమనీ అండి. ప్రమాదకరమైన కట్టడాల ఆఫీసు," అని దగ్గాడు. "పచ్చ తలుపు ఇల్లు చూశాను."

"ఎప్పుడు చూశారు?"

"ఇప్పుడే. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అంత ప్రమాదమైన ఇల్లు చూడలేదు. సాయంత్రంలోగా ఖాళీ చేయాలి. వేరే మాట లేదు."

అట్రాక్టా మెట్టు మీద కూర్చుండిపోయింది. కటకటాల ఊచ ఒకటి గట్టిగా పట్టుకుంది. తను పెళ్ళికూతురుగా దిగిన మెట్టది, కార్నీలియస్‌ను మోసుకెళ్ళినప్పుడు నిలబడ్డ మెట్టది. "నేను ఖాళీ చెయ్యను," అంది. "నన్ను కూడా గోడలో కలిపి కట్టెయ్యండి. కదలను."

"మీరెందుకు కదలాలమ్మా?" అన్నాడు టిమనీ అయోమయంగా. "నేను చెప్పేది పక్కింటి సంగతి. ఆ గోడ ఇటు పడితే ప్రమాదమని మీకు చెబుదామని వచ్చాను."

అట్రాక్టా మెల్లగా లేచి, ఆయన్ని తప్పించుకుని గుమ్మంలోంచి తొంగి చూసింది. హెషన్ తలుపు పచ్చగా, తడిగా, తన డబ్బాలోని రంగుతో తళతళలాడుతోంది. దాని ముందు మెట్టు మీద మోసీ బ్రష్షు పట్టుకుని బిక్కమొహం వేసుకుని ఉన్నాడు.

"ఏం జరిగింది మోసీ?"

"నాకేం తెలుసమ్మా. కార్క్ ఆయనకు ఎర్ర తలుపని తనే చెప్పిన సంగతి కోపంలో మరిచిపోయి, ఎరుపు తప్ప ఏదైనా కొట్టమన్నారు, కొట్టాను. ఈయన పచ్చ తలుపు చూసుకుని వచ్చారు. కార్క్ ఆయనే అనుకుని మా సారు ఈయన నోరు తెరవకముందే లోపలికి లాక్కుపోయారు. మధ్య గోడ తీసేశాం సార్, పొగగొట్టం కింద దిమ్మె కూడా లేపేశాం సార్, పై బరువంతా ఆ రెండు కర్రల మీదే ఉంది, ఎవరికీ తెలియదు సార్ అని గొప్పగా చెప్పుకున్నారు. ఇంకేం తీశారని ఈయన అడుగుతారు, మా సారు ఇంకా చెబుతారు. అలా పెద్ద గదిలోకి వచ్చేసరికి పైనుంచి మొత్తం ఊడిపడింది."

"యజమానుల్లో అంత నిజాయితీపరుణ్ణి నేనెక్కడా చూడలేదు," అన్నాడు టిమనీ, చెవిలోంచి సున్నం తీసుకుంటూ.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. పచ్చ తలుపు పని అయిపోయింది, ఇన్‌స్పెక్టరు వెళ్ళిపోయేవాడు, ఇల్లు నిలిచేది. అట్రాక్టా పెదవులు బిగించి ఊరుకుంది కూడా. కానీ ఫెస్టస్ ఊరుకోలేదు.

"అదేంటండీ, పచ్చ తలుపు మాది కదా," అన్నాడు.

టిమనీ ఎర్ర తలుపు వంక చూశాడు. తరువాత ఫెస్టస్ వంక చూశాడు.

మా మరిదికి రంగులు తెలియవండీ అంటే చాలు, అది నిజం కూడా. ఆ మాట అట్రాక్టా నాలుక చివరదాకా వచ్చింది. అయితే వీధిలోకి పొంగిన ఆ గోడ కనబడింది. ఇన్నేళ్ళూ నిజంగా నిలబడ్డ గోడ. దొంగ తలుపున్న ఇంట్లో ఉంటున్నంత మాత్రాన దొంగతనంగా గెలవడం ఆమెకు నచ్చలేదు.

"ఆ ఫిర్యాదు నా ఇంటి మీదేనండీ. పొద్దున్నదాకా పచ్చ తలుపు ఇదే. రండి, చూడండి. మీకు నచ్చినచోట కొట్టి చూడండి. పడేదైతే నా కళ్ళముందే పడనివ్వండి."

టిమనీ గోడ చూశాడు. పై కిటికీలోంచి గుండు వేలాడేశాడు, ఇటుకలు తట్టాడు, కమ్మీలు లాగి చూశాడు. పడకగది మూలనున్న పాత పగులు దగ్గర ఆగిపోయాడు. దానికి అడ్డంగా కార్నీలియస్ ఎప్పుడో సిమెంటుతో ఒక గాజుపలక అతికించాడు. గోడ వెంట్రుకవాసి కదిలినా అది పగలాలి. దాని మీద ఏళ్ళనాటి దుమ్ముంది, చిన్న బీటైనా లేదు. కింద మెట్ల మీద అట్రాక్టా, బ్రాక్ పళ్ళెంతో సహా కోగ్లన్, గుబ్బకు అంటిన రంగు తుడుస్తూ ఫెస్టస్, ముగ్గురూ కూర్చున్నారు.

ఆయన దిగివచ్చి చేతులు దులుపుకున్నాడు.

"కడుపు పాతదేనమ్మా. ఇక పెరగదు. మీ గోడ ఎక్కడికీ పోదు. నిజానికి పక్కిల్లు దీన్ని పట్టుకునే నిలబడి ఉంది. ఇది తీస్తే వరసంతా కూర్చుంటుంది. కాబట్టి ఈ ఇంట్లో ఒక్క ఇటుకైనా ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదని ఆర్డరిస్తున్నాను. ఆయన తీసిన గోడ ఆయనే కట్టుకోవాలి. అందాకా ఆ ఇంట్లో ఎవరూ పడుకోకూడదు."

అట్రాక్టా లేచింది. వెళ్ళి గోడ మీద అరచెయ్యి వేసి, బిడ్డ వీపు తట్టినట్టు రెండుసార్లు తట్టింది.

కోగ్లన్ సాయంత్రం రైలుకు వెళ్ళిపోయాడు. చెక్కు రాయలేదు గానీ బ్రాక్ ఎలా చేయాలో రాయించుకున్నాడు. చీకటి పడే వేళకు ఎర్ర తలుపు ముందు ఒక మనిషి పెట్టె పట్టుకుని నిలబడ్డాడు. ఎంత తోముకున్నా చెవుల వెనక బొగ్గు నల్లగా ఉంది, దాని మీద సున్నం తెల్లగా ఉంది.

"గది దొరుకుతుందేమోనని," అన్నాడు హెషన్, మెట్ల వైపు చూస్తూ.

"అన్నిటికన్నా పై అంతస్తులో ఉంది. కిటికీ పొట్టిది. వంగి చూడాలి."

"ఆ గోడ..." అని సగంలో ఆగాడు.

"కడుపుతోనే ఉంది. నువ్వున్నంతకాలం కననివ్వనులే. బూట్లు విప్పి రా."

హెషన్ తీసిన గోడ తిరిగి కట్టించేసరికి శీతాకాలం వచ్చింది. ఈలోగా పాలవాడూ ఫాదరూ కూడా ఎర్ర తలుపుకు అలవాటు పడిపోయారు. అయినా తలుపుకు మళ్ళీ పాత రంగే వేయిద్దామా అని అట్రాక్టా ఒకరోజు బ్రష్షు వెతుకుతుంటే ఫెస్టస్ అడ్డం వచ్చాడు.

"మార్చకు వదినా. ఇన్నాళ్ళకు పచ్చ తలుపు మనకు కలిసొచ్చింది."